గూడ్సు బండికి ఎదురెళ్ళిన మీనాక్షి

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆ రోజుల్లో ఉన్న తెలుగువాళ్ళలో మగవాళ్ళు చాలామంది కార్ల కంపెనీల్లో ఇంజినీర్లు. ఆడవాళ్ళలో డాక్టర్లున్నారు, బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళున్నారు, ఇల్లు చూసుకునేవాళ్ళున్నారు. లారీల ముందు కారు నడిపేది మాత్రం మీనాక్షి ఒక్కతే.

ఆ పనిని ఎస్కార్ట్ అంటారు. మామూలు లారీలో పట్టని సరుకు రోడ్డెక్కినప్పుడు, అంటే బాయిలర్లో, వంతెన దూలాలో, ఒక్కోసారి ఏకంగా సగం ఇల్లో కదిలినప్పుడు, దాని ముందు దారి చూపిస్తూ ఒక కారు వెళ్ళాలి. ఆ కారు ముందు బంపరుకి నిలువుగా ఒక పొడుగాటి కర్ర కడతారు. వెనక వచ్చే సరుకు కన్నా అది కాస్త ఎత్తుగా ఉంటుంది. కర్ర తీగకో వంతెనకో తగిలిందంటే వెనక లారీ తప్పకుండా తగులుతుందన్నమాట. ఆ మాట వెంటనే సీబీ రేడియోలో అరిచి చెప్పాలి. సెల్‌ఫోన్లు లేని కాలం. రోడ్డు మీది డ్రైవర్లందరికీ ఆ రేడియోనే నోరూ చెవీ.

మీనాక్షి ఈ పనిలోకి వచ్చింది 1980లో. కార్ల కంపెనీలు జనాన్ని గుంపులు గుంపులుగా ఇంటికి పంపేస్తున్న ఏడాది. ఆమె భర్త కృష్ణమోహన్‌నీ పంపేశారు. ఆయన రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెళ్ళడానికి ఎక్కడా లేక సోఫాలో కూర్చునేవాడు. అది చూడలేక మీనాక్షి పేపర్లో ప్రకటనలు వెతికింది. "హెవీ లారీల ముందు కారు నడపడానికి మనుషులు కావాలి" అన్నది కనపడగానే ఆమెకి ఎందుకో నవ్వొచ్చింది. వాళ్ళ నాన్నకి బెజవాడలో మూడు లారీలుండేవి. డీజిలు వాసనలో, హారన్ మోతలో పెరిగిన పిల్ల.

"ఏమండీ, దీనికి ఫోన్ చేయనా?"

"లారీల ముందా? నీకేమన్నా పిచ్చా, మీనాక్షీ?"

"ఉన్నా లేకపోయినా చేస్తున్నాను," అని ఆవిడ ఫోనందుకుంది.

ఆమెకి జతపడిన లారీ డ్రైవరు డెల్మర్. అరవైకి దగ్గరపడిన మనిషి, బూడిదరంగు మీసం, తక్కువ మాటలు. అతని లారీ అతనికి తగ్గదే. యాభైల నాటి బండి. పవర్ స్టీరింగ్ అన్న మాటే ఎరగదు. గేర్ రాడ్లు రెండు. చిక్కుదారుల్లో రెండూ ఒక్కసారే మార్చాల్సొస్తే, ఎడమచేతిని స్టీరింగ్ చక్రంలోంచి దూర్చి ఒక రాడ్డూ, కుడిచేత్తో ఇంకో రాడ్డూ లాగేవాడు. ఆ కాసేపూ అంత బండినీ మోచేత్తో నడిపేవాడు. కొత్త లారీ కొనుక్కోమని ఎవరన్నా అంటే, "ఇది నన్నెప్పుడూ దారిలో వదిలెయ్యలేదు, నేను దాన్నెలా వదిలేస్తాను?" అనేవాడు.

మొదటిరోజు అతను మీనాక్షిని అడిగింది ఒకటే: "నువ్వు గట్టిగా అరవగలవా?"

దానికి జవాబు అతనికి నెల తిరక్కుండానే దొరికింది. ఒహాయోలో ఒక పాత వంతెన. దాని కింద రోడ్డుకి కొత్తగా తారు పోశారు. అంటే రోడ్డు పైకొచ్చింది, వంతెన మీద రాసి ఉన్న ఎత్తు మాత్రం పాతదే. మీనాక్షి కారు కర్ర వంతెనకి టక్కున తగిలింది. రేడియో అందుకుంది. ఇంగ్లీషు మాట ఒక్కటి నోటికి రాలేదు.

"ఆపండి! ఆపండి! బాబోయ్, ఆపండి!"

డెల్మర్‌కి ఆ మాట అర్థం కాలేదు, గొంతు అర్థమైంది. బ్రేకులు కీచుమన్నాయి. లారీ మోసుకొస్తున్న పెద్ద ట్యాంకు వంతెనకి జానెడు దూరంలో ఆగింది. తర్వాత చక్రాల్లోంచి గాలి తీసేసి, బండిని కిందికి దించి, నత్తలా పాకించుకుంటూ అవతలికి తీసుకెళ్ళారు. అప్పట్నించీ డెల్మర్ ఎక్కడ బండి ఆపాలన్నా "ఆపండి" అనేవాడు. ఆ దారుల్లో తిరిగే మిగతా డ్రైవర్లకీ అది పాకింది. టెక్సస్ యాసలో "యాపండీ" అని ఎవరో అంటే మీనాక్షి స్టీరింగ్ మీద పడి నవ్వింది.

అన్నీ అంత భయం పుట్టించేవి కాదు. ఒక జులైలో ఇండియానాలో ఓ చిన్న ఊరి మధ్యనుంచి బాయిలరు తీసుకెళ్తుంటే, అక్కడి స్వాతంత్ర్య దినోత్సవానికి రోడ్డుకి అడ్డంగా కట్టిన గుడ్డ బ్యానరు కర్రకి అందకుండా గాలికి పైకి లేచి, వెనకొచ్చే బాయిలరుకి చుట్టుకుంది. వీళ్ళు చూసుకోలేదు. దారిపొడుగునా జనం చేతులూపుతున్నారు, హారన్లు కొడుతున్నారు, పిల్లలు గంతులేస్తున్నారు. "ఈ ఊళ్ళవాళ్ళు ఎంత మంచివాళ్ళో!" అని మీనాక్షి మురిసిపోయి అందరికీ చేతులూపింది. పెట్రోలు బంకు దగ్గర దిగి చూస్తే సంగతి తెలిసింది. బ్యానరు మడతపెట్టుకుని వెనక్కి వెళ్ళి, మేయరుకి క్షమాపణ చెప్పి, ఆయన భార్య పీచ్ పండ్లతో చేసిన 'పై' అనే తీపి వంటకం తిని వచ్చారు.

ఇంటికొచ్చి ఇవన్నీ చెబుతుంటే కృష్ణమోహన్ ముభావంగా వినేవాడు. కానీ వినేవాడు. "అప్పుడేమైంది?" అని అడగడం మొదలుపెట్టాడు. గడ్డం గీసుకుని సోఫాలో కూర్చోవడం మానేసి వంట నేర్చుకున్నాడు.

1983 ఆకురాలు కాలంలో ఆయన పనిచేసిన ఫ్యాక్టరీని మూసేసి, యంత్రాలు అమ్మేశారు. కారు తలుపుల్ని రేకులోంచి ఒక్క దెబ్బతో అచ్చు గుద్దే పెద్ద ప్రెస్సు ఇండియానాకి వెళ్తోంది. దాని అడుగుభాగం ఒక్కటే మామూలు లారీలు మొయ్యలేనంత బరువు. ఆ లోడు డెల్మర్‌కి వచ్చింది.

"నేనూ వస్తాను," అన్నాడు కృష్ణమోహన్. "దాని పక్కన తొమ్మిదేళ్ళు నిలబడ్డాను. సాగనంపాలి కదా."

మీనాక్షి పక్కసీట్లో మ్యాపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ప్రయాణం హాయిగా సాగింది. తర్వాత దారిలో వంతెన మరమ్మతు అని రోడ్డు మూసేశారు. అధికారులు చూపించిన పక్కదారి మొక్కజొన్న చేల మధ్యనుంచి వెళ్ళి, ఒకచోట గేటులేని రైలు పట్టాలు దాటుతుంది. ఆ పట్టాల కింద ఈమధ్యే కొత్త కంకర పోసి ఎత్తు పెంచారు. మీనాక్షి కారు ఎత్తెక్కి దిగింది. దిగిన క్షణంలోనే ఆమె రేడియో అందుకుంది. డెల్మర్ లారీ వెనక కట్టిన ట్రైలరు బరువైన సరుకు కోసం మధ్యలో బాగా కిందికి వంచి చేసినది. దాని పొట్ట నేలకి బెత్తెడెత్తులో ఉంటుంది.

"డెల్మర్, ఆపండి!"

ఆలస్యమైంది. లారీ ముందు చక్రాలు పట్టాలు దాటాయి, వెనకవీ దాటాయి. ట్రైలరు పొట్ట కర్రుమని రైలుపట్టాల మీద కూర్చుంది. చక్రాలు కంకరలో గిర్రున తిరిగాయి. పొగ లేచింది. బండి అంగుళం కదల్లేదు.

మీనాక్షి రేడియోలో కేక పెట్టింది. ఫలానా రోడ్డు, ఫలానా పట్టాలు, బండి ఇరుక్కుంది, ఎవరన్నా రైల్వేకి ఫోన్ చెయ్యండి. వెంటనే ఒక గొంతు, తూర్పునించి రైలొస్తే తాను ఆపిస్తానంది. ఇంకొకతను పక్కనున్న రైతు ఇంటికి ఫోన్ కోసం వెళ్తున్నానన్నాడు. మూడో గొంతు మాత్రం కంగారుగా ఉంది.

"అమ్మా, నేను మీకు పడమట ఉన్నాను. ఇప్పుడే పొడుగాటి గూడ్సు బండి నన్ను దాటి వెళ్ళింది. అది మీ వైపే వస్తోంది."

కృష్ణమోహన్ ఒళ్ళోని మ్యాపు తీసి పక్కన పడేశాడు. మీనాక్షి వెనకసీట్లోంచి ఎర్రజెండా లాక్కుంది.

"మీరు దిగి డెల్మర్ దగ్గరికి వెళ్ళండి. రైలు కనిపిస్తే అతన్ని బండిలోంచి లాగెయ్యండి. తనంతట తను దిగడు."

"నువ్వెక్కడికి?"

"రైలుకి ఎదురు!"

పట్టాల పక్కనే రైతులు ట్రాక్టర్లు తోలుకునే మట్టిదారి ఉంది. మీనాక్షి కారుని దాంట్లోకి తిప్పింది. బంపరుకి కట్టిన కర్ర ఊగి ఊగి ఫెటిల్లున విరిగింది. ఆగలేదు. కారు గోతుల్లో ఎగిరెగిరి పడుతోంది, తల పైకప్పుకి కొట్టుకుంటోంది, మొక్కజొన్న కంకులు అద్దాలకి తగులుతున్నాయి. రైలుని ఎంత దూరంలో పట్టుకుంటే అంత మంచిది. గూడ్సు బండి అనుకోగానే ఆగదు, అది ఆమెకి తెలుసు.

దారి ఒక కాలవ దగ్గర ఆగిపోయింది. అప్పుడే దూరంగా ఇంజను దీపం కనిపించింది. మీనాక్షి దిగి కంకర మీద పరిగెత్తింది. నారింజరంగు కోటు, చేతిలో ఎర్రజెండా. రెండు చేతులా పైకెత్తి ఊపింది. గొంతు చించుకుని అరిచింది. ఏ భాషలో అరిచిందో ఆమెకే తెలీదు. దీపం పెద్దదవుతోంది. పట్టాలు సన్నగా పాడుతున్నాయి. ఇంజను అదే వేగంతో వస్తోంది.

హారను మోగింది. పొడుగ్గా, ఇంకా పొడుగ్గా. తర్వాత బ్రేకులు పడ్డాయి. మీనాక్షి పక్కకి దూకింది. ఆమె పక్కనుంచే ఇనుము అరుస్తూ, నిప్పురవ్వలు చిమ్ముతూ పెట్టెలు దొర్లిపోతున్నాయి. ఆగుతుందా, ఆగదా? అక్కడ నిలబడి చూస్తూ ఉండలేకపోయింది. పరుగున కారెక్కి, వెనక్కి తిప్పి, రైలు వెంటపడింది. ఒక పక్క రైలు, పక్కనే ఆమె కారు. మొదట రైలే ముందుంది. తర్వాత ఒక్కొక్క పెట్టే ఆమె అద్దంలోంచి వెనక్కి జరగసాగింది. "తగ్గుతోంది, తగ్గుతోంది తల్లీ, ఇంకొంచెం," అని ఆమె రైలుని బతిమాలుకుంటూ నడిపింది.

ట్రైలరు దగ్గర డెల్మర్ నిజంగానే దిగలేదు. ఇంకోసారి, ఇంకొక్కసారి అంటూ గేర్లు మారుస్తూనే ఉన్నాడు. కృష్ణమోహన్ తలుపు లాగి, ఆ ముసలి మనిషిని నడుం పట్టి కిందికి ఈడ్చాడు. ఇద్దరూ పొలంలో బోర్లా పడ్డారు. తలెత్తి చూసేసరికి గూడ్సు ఇంజను పెద్ద నిట్టూర్పు విడిచి ఆగింది. దానికీ ప్రెస్సుకీ మధ్య ఒక కారు పట్టేంత చోటుంది.

ఆ చోటులోకే మీనాక్షి కారు వచ్చి ఆగింది!

ఇంజను డ్రైవరు దిగి, కంకర మీదే కూలబడ్డాడు. మీనాక్షిని చూసి అన్నాడు: "ముందు నువ్వు ఊరికే చెయ్యూపుతున్నావనుకున్నాను. అందరూ రైలుకి చెయ్యూపుతారు కదా. తర్వాత నువ్వు నవ్వడంలేదని చూశాను."

అంతలో చుట్టుపక్కల రైతులు వచ్చేశారు. ఫోన్ చేసిన ఇంటాయన ట్రాక్టరు తెచ్చాడు, ఆయన వదినగారు ఇంకో ట్రాక్టరు తెచ్చింది. జాకీలతో ట్రైలరుని ఎత్తారు. చెక్కదిమ్మలు కింద పేర్చారు. కృష్ణమోహన్ ఇస్త్రీ చొక్కా గ్రీజుతో నల్లబడిపోయింది. రైలువాళ్ళూ భుజం పట్టారు. గొలుసులు కట్టి, రెండు ట్రాక్టర్లూ డెల్మర్ లారీ ముందు నిలబడ్డాయి. మీనాక్షి పక్కన నిలబడి జెండా ఊపింది.

"లాగండి!"

మూడు ఇంజన్లూ ఒక్కసారి రంకె వేశాయి. గొలుసులు తీగల్లా బిగిశాయి. ట్రైలరు మూలిగింది, కదిలింది, దిమ్మల మీద పాకింది, ఒక్క ఊపున అవతలికి దూకింది. చేలన్నీ చప్పట్లతో మారుమోగాయి. రైల్వే మనుషులొచ్చి పట్టాలు చూసి సరేనన్నాక గూడ్సు బండి కదిలింది. దాటినంతసేపూ డ్రైవరు హారను మోగిస్తూనే ఉన్నాడు.

తిరుగు ప్రయాణంలో కృష్ణమోహన్ మ్యాపు మడతపెట్టి మీనాక్షి వైపు తిరిగాడు.

"నువ్వు అటు వెళ్ళాక నేనొక్కసారి కూడా నీ వైపు చూడలేదు తెలుసా? హారను వినపడేదాకా డెల్మర్ బండి దగ్గరే రాళ్ళు తీస్తూ ఉన్నాను. చూస్తే చేతులాడవని."

"మంచి పని చేశారు. చూసుంటే నా డ్రైవింగ్‌కి తిట్టేవారు."

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. కారు పక్కకి ఆపి మరీ నవ్వారు. కళ్ళు తుడుచుకుంటూ ఆయన అడిగాడు, "పెద్ద లోడులకి వెనక కూడా ఒక కారు ఉండాలంటావు కదా. ఆ పనికి ఎవరన్నా ఉన్నారా?"

ఆ వారమే వెనక కారు ఎక్కాడు. మరుసటేడు పాత కంపెనీ రమ్మని పిలిచింది. తెలిసినవాళ్ళందరూ వెళ్ళమన్నారు. కృష్ణమోహన్ ఒక రాత్రి ఆలోచించి, రానన్నాడు. భార్యాభర్తలిద్దరూ సొంతంగా ఎస్కార్ట్ కంపెనీ పెట్టారు.

వాళ్ళ మొదటి సొంత లోడు ఒక రెండంతస్తుల చెక్క ఇల్లు. రోడ్డు వెడల్పు చేస్తున్నారని ఊరి అవతలికి తరలిస్తున్నారు. కిటికీలకి కర్టెన్లు అలాగే ఉన్నాయి. ఇంటావిడ తన ఇంటి వెంట ఫుట్‌పాత్ మీద నడుస్తూ, "మెల్లగా, మెల్లగా," అంటోంది. ముందు మీనాక్షి, మధ్యలో డెల్మర్, వెనక కృష్ణమోహన్. దారంతా పిల్లలు సైకిళ్ళ మీద వెంటపడ్డారు. మలుపులో ఒక మేపుల్ చెట్టు కొమ్మ చూరుకి తగిలి, ఎర్రటి ఆకులు డెల్మర్ లారీ మీద జలజలా రాలాయి.

"వెనక అంతా బాగుంది, పోనివ్వు మీనాక్షీ!" అని రేడియోలో కృష్ణమోహన్ గొంతు వినిపించింది.

మీనాక్షి పోనిచ్చింది. సాయంత్రానికల్లా ఆ ఇల్లు కొత్త పునాది మీద కుదురుగా కూర్చుంది. ఇంటావిడ లోపలికి వెళ్ళి, కర్టెన్లు పక్కకి తీసి, ముగ్గురినీ కాఫీకి పిలిచింది.