పెరటి అరుగు మీద మూడు రోజులు

నా చిన్నప్పుడు, పదేళ్ళ వయసులో, పక్కింటి అక్క మైలగుడ్డలు నా పుస్తకాల సంచిలో దాచి తెచ్చి, అమ్మ పడుకున్నాక మా పెరట్లో ఉతికేదాన్ని. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మేముండేది పోర్టు పక్కన వన్‌టౌన్‌లో. స్టీల్ ప్లాంటు అప్పటికింకా పునాదుల్లోనే ఉంది. ఓడల్లో సరుకు ఎత్తీ దించే కళాసీలకు రెండు యూనియన్లుండేవి. ఒకదానికి అక్క వాళ్ళ నాన్న నాయకుడు, రెండోదానికి ఆమె మామగారు. జెట్టీ మీద కొట్లాటలో ఇద్దరు పోయాక పెద్దలు కూర్చుని ఈ పెళ్ళి కుదిర్చారు. మనవడు పుట్టిన రోజున రెండు యూనియన్లూ ఒకటవుతాయి, పెద్దయ్యాక వాడే నాయకుడు. అప్పటిదాకా ఎవరి జెండా వాళ్ళదే.

నాలుగేళ్ళయినా మనవడు రాలేదు. ఆ ఇంట్లో బయట చేరినవాళ్ళు మూడు రోజులు పెరటి అరుగు మీద కూర్చోవాలి. డ్యూటీకి పోయే కళాసీలకు ఆ పక్క సందే దారి. అక్క అరుగు మీద కనిపించిందంటే మధ్యాహ్నానికి ఆ కబురు జెట్టీ మీదుండేది.

"ఏటి బావా, మీవోడి కోడలు మళ్ళా అరుగెక్కీసిందంట?" అని ఒకవైపు వాళ్ళంటే, "మీరిచ్చిన సరుకే గదేటి!" అని ఇంకోవైపు వాళ్ళు నవ్వేవారట.

లేడీ డాక్టరు దగ్గరికి మూడుసార్లు తీసుకెళ్ళారు. మొగుణ్ణి కూడా పరీక్ష చేయించమని ఆవిడ అన్నాక, వెళ్ళడం మానేశారు.

అక్కకూ నాకూ స్నేహం వారపత్రికల వల్ల. తను చదివినవి నాకిచ్చేది. కొడుక్కి వేరే సంబంధం చూస్తున్నామని అత్తగారు అన్న మర్నాడు, ఆ పత్రికల మధ్య మడిచిన చీర పీలికలున్నాయి.

"ఈ ఒక్క నెలేనే గుంటా. ఈ నెల నాను బైట కూకోలేను," అంది అక్క.

నాకప్పటికి సగమే అర్థమైంది. అయినా తలూపాను.

ఆమె అరుగెక్కలేదు. వారం తిరక్కుండానే అత్తగారు వీధంతా మిఠాయి పంచింది. అక్క వాళ్ళ నాన్న మొదటిసారి ఆ గుమ్మం తొక్కి వియ్యంకుణ్ణి కావలించుకున్నాడు. ఇక అక్కకు వెనక్కి వెళ్ళే దారి లేకపోయింది. రెండో నెల కూడా నా సంచి బరువెక్కింది. పాలూ పుల్లమామిడికాయలూ తెచ్చిపెడితే ఆమె భయంతో తినలేకపోయేది. వేవిళ్ళని మురిసిపోయారు. రెండు యూనియన్లనూ నేనే కలిపానని లోలోపల నాకొక గర్వం.

మూడో నెల అత్తగారు మంత్రసానిని పిలిపించింది. ఆమె అక్క పొట్ట మీద చెయ్యి వేసి చూసి, బయటికొచ్చి అత్తగారి చెవిలో ఏదో చెప్పింది. సాయంత్రానికి వియ్యంకులిద్దరూ పెరట్లో ఉన్నారు.

"ఎవులే నీకు సాయం సేసినారు? సెప్పు!" అని అత్తగారు అరుస్తోంది. పిట్టగోడ ఇవతల నేను సంచి పట్టుకుని నిలబడ్డాను.

"ఎవులూ నేరు. నానే సేసినాను."

కొట్టింది అక్క సొంత నాన్నే. అక్క తూలి పడిపోయింది గానీ మా గోడ వైపు చూడలేదు.

ఆ వారమే జెట్టీ మీద మళ్ళీ కత్తులు లేచాయి. అక్క మొగుడికి వేరే పిల్లను ఖాయం చేశారు.

ఇప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నలుగురిలో నోరు విప్పలేనివన్నీ డైరీలో రాసుకుంటాను. ప్రతి నెలా ఆ మూడు రోజుల పేజీలు మాత్రం ఖాళీగా వదిలేస్తాను. నా ఒంటి సంగతి కాగితానికైనా తెలియనక్కర్లేదనిపిస్తుంది. ఎవరు ఎంత గద్దించి అడిగినా, ఇంకొకరి పేరు నా నోట రాదు. ఆ పెరట్లో నేర్చుకున్నది అదే.

అక్కను పుట్టింటికి పంపేసిన రోజున, చదవడానికి తెచ్చుకున్న పత్రికలు తిరిగి ఇద్దామని రిక్షా దగ్గరికి వెళ్ళాను. ఆమె పెదవి ఇంకా వాచే ఉంది. కట్టను నా వైపే నెట్టేసింది.

"ఉంచుకోయే. ఇకమీన నానెక్కడ కూకున్నా ఎవులూ సూడరు."