పాత రైలు వంతెన మీద కూత

బడిలో పిల్లల మీద అరిచి అరిచి గొంతు పోయింది. సాయంత్రం సైకిలు నెట్టుకుంటూ పాత రైలు వంతెన ఎక్కాను. పట్టాలు పీకేసి, దాన్ని నడిచేవాళ్లకీ సైకిళ్లకీ వదిలి ఏడాదయింది. రైళ్లన్నీ పక్కనున్న కొత్త వంతెన మీదే పోతాయి.

కూత వినబడింది. ముందు నడుస్తున్న మా వీధి మునెమ్మ రాగుల మూటతో ఉరికి, వంతెన అంచున ఉన్న ఇనుప గూట్లో నక్కింది. పట్టాలున్న రోజుల్లో రైలొస్తే అందరం దాక్కునే గూడది.

"యాల ఉరికినావు మునెమ్మా? రైలు ఈడికి యాడొస్తాది?" అన్నాను.

"నాకు తెలుసు అయ్యోరా. కాళ్లకు ఎవురు సెప్పాల?" అంది. "మీరు యాల వస్తిరి?"

చూసుకుంటే నేనూ గూట్లోనే ఉన్నాను. సైకిలు వంతెన మధ్యలో పడి ఉంది.

బయటికి రావడానికి ఓపిక లేక, రైలు పోయేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. నిజం చెప్పండి, పాత భయం ఇక అక్కర్లేదని మీ కాళ్లకి ఎవరైనా చెప్పారా?