ఫోన్ రాని పల్లె

శరభయ్య మాస్టారి లెక్క తప్పుతుందని అమలాపురంలో ఎవరూ అనరు. ముప్పయ్యేళ్లు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పిన మనిషాయె. ఆసుపత్రికి ఏ రోజు ఎంతమంది వస్తారో ముందే లెక్కగట్టి, చీటీలిచ్చే కిటికీ ఇంకోటి తెరిపించి, క్యూ సగానికి తగ్గించిన ఘనుడు. అందుకే కొత్తగా మంజూరైన అంబులెన్స్ ఎక్కడ నిలబెడితే ఎక్కువ ప్రాణాలు దక్కుతాయో చెప్పమని పెద్దలు ఆయన్నే అడిగారు.

ఏడాది పాటు అంబులెన్స్ కోసం వచ్చిన ఫోన్ల చిట్టా అంతా ముందేసుకుని కూర్చున్నారు మాస్టారు. కాట్రేనికోన అవతల ఏటిపక్క పల్లె నుంచి వచ్చినవి రెండే. అక్కడ అవసరం పడే అవకాశం తక్కువని రాసి, బండిని అమలాపురంలోనే ఉంచమన్నారు.

ఆ పల్లె, కాలేజీలో ఆయన దగ్గర అటెండరుగా చేసిన అప్పన్నది. నాలుగు నెలలు తిరక్కుండానే అప్పన్న కూతురు బేబి, పురిటి నొప్పులతో ఆటోలో వెళ్తూ దారిలోనే పోయింది. బిడ్డా దక్కలేదు.

పరామర్శకు వెళ్లిన మాస్టారు, ఆటో నడిపిన బుల్లిరాజుని పక్కకు పిలిచారు.

"అంబులెన్సుకి ఫోన్ చెయ్యలేదేమయ్యా?"

"అదొచ్చేసరికి గంటన్నర అవుద్దండీ. మా ఊళ్లో ఎవరూ చెయ్యరండీ. ఏ ఆపదొచ్చినా నా ఆటోయేనండీ."

"ఏడాదికి ఎంతమందిని తీసుకెళ్లుంటావు?"

"ఓ నలభై మందినండీ. బేబమ్మతో కలిపి ఏడుగురు దారిలోనే పోయేరండీ."

మాస్టారికి అప్పుడర్థమైంది. ఓరి నాయనో, ఎంత పని జరిగిపోయింది! బండి రాదని వాళ్లు ఫోన్ చెయ్యలేదు. ఫోన్లు లేవని ఈయన బండి ఇవ్వలేదు. కాగితం మీదికి రానంత మాత్రాన లేనట్టు కాదని ఏటేటా పిల్లలకి చెప్పిన నోరే ఆయనది.

ఆయన అరుగు మీదున్న అప్పన్న దగ్గరికి వెళ్లారు. "తప్పు నాదయ్యా అప్పన్నా. బండి ఇక్కడొద్దని రాసింది నేనే."

అప్పన్న గాభరాగా లేచి నిలబడ్డాడు. "అయ్యబాబోయ్, మీ లెక్క తప్పడమేంటండీ! మేమే ఫోన్ చెయ్యలేదు గదండీ. చేసుంటే మీ కాయితంలోకి ఎక్కేవాళ్లం. మమ్మల్నే క్షమించండి బాబూ" అని చేతులు జోడించాడు.

తర్వాత మాస్టారు ఊరూరా ఆటోవాళ్లని అడిగి కొత్త లెక్క కట్టారు. ఇప్పుడు బండి కాట్రేనికోనలో నిలబడుతోంది. అది కనబడినప్పుడల్లా, మాస్టారి చలవేనంటూ అప్పన్న దణ్ణం పెడతాడట. ఆ మాట ఎవరన్నా ఎత్తితే మాస్టారు తింటున్న అన్నం వదిలేసి లేచిపోతారు.