కత్తెర కింద పీఠిక

కోతలు కోసేవాళ్లు ఏ ఆఫీసులోనైనా ఉంటారు. మాటలు కోసేవాళ్లు అరుదు. ఆమె ఆ అరుదైన జాతి మనిషి. ఎదుటివాళ్లు రాసింది గానీ, చెప్పింది గానీ, చెప్పబోయేది గానీ తన కంటపడితే చాలు, చెయ్యి దురద పెట్టేది. అనవసరమైన ముక్క ఒకటి కనిపించాక దాన్ని కొట్టెయ్యకుండా ఉండడం ఆమె వల్ల అయ్యేది కాదు. అందుకే అందరూ ఆమెను కత్తెర మేడం అనుకునేవారు. ఆ పేరు ఆమె చెవిన పడిన రోజే సగానికి తగ్గింది. "కత్తెర చాలు. మేడం ఎందుకు, దండగ" అందట.

ఆ ఆఫీసు చేసే పని ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ రాయడం. రోగి వచ్చి పేరు చెబితే టోకెన్ నంబరు ఇచ్చి, ఏ డాక్టరు గదికి ఎప్పుడు వెళ్లాలో తెరమీద చూపించే ప్రోగ్రామ్ వాళ్లది. ఆ జట్టుకి పెద్ద కత్తెరే. పగలంతా ప్రోగ్రాములు, తెల్లారకముందే లేచి కథలు, ఆదివారాలు ఉపన్యాసాలు. ఆమె పుస్తకాలన్నీ జేబులో పట్టేవే. ఇక ఉపన్యాసాల సంగతి చెప్పనక్కర్లేదు. కాస్త ఆలస్యంగా వెళ్లినవాళ్లకు చప్పట్లు మాత్రమే దక్కేవి.

"రెండు పడవల మీద కాళ్లు పెడితేనే మునుగుతారంటారు, మీరు మూడింటి మీద ఎలా నిలబడుతున్నారండీ?" అని ఒక సభలో ఎవరో అడిగారు.

"బరువు దించేసుకుని" అని కూర్చుంది. ఆ రోజు ఆమె ఇచ్చిన జవాబుల్లో అదే పొడుగు.

ఇంట్లో భర్త లెక్కల మాస్టారు. పెళ్లినాటికి ఆయన వట్టి వాగుడుకాయ అని చూసినవాళ్లు చెబుతారు. ఇప్పుడు ఎలా ఉన్నారని అడిగితే తల మాత్రం ఊపుతాడు. "'బావున్నాను' అంటే 'కనిపిస్తూనే ఉందిగా' అని కొట్టేస్తుందండీ" అని ఒకసారి గొంతు తగ్గించి చెప్పుకున్నాడు, ఆమె ఊళ్లో లేనప్పుడు. అత్తగారిది ఇంకో బాధ. ఫోను చేసి పక్కింటావిడ దగ్గర మొదలుపెట్టి, ఎండల మీదుగా, మెట్ల మీదుగా ఒక్కొక్కటే చెప్పుకుంటూ వస్తుంటే కోడలు మధ్యలోనే అందుకునేది.

"మోకాలు నొప్పి. నూనె అయిపోయింది. అంతేగా అత్తయ్యా?"

"అంతేనే తల్లీ, కానీ..."

"కానీ వద్దు. సాయంత్రం తెస్తున్నా."

తెచ్చేది కూడా. పది నిమిషాలు కూర్చుని మోకాలికి తనే రాసి వెళ్లేది. మాటల్లో పెట్టిన కోత పనిలో ఎప్పుడూ పెట్టలేదు. కానీ ఆ సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. జనానికి గుర్తుండేది కోతే.

అలాంటి కత్తెర కిందికి, జట్టులో కొత్తగా చేరిన ఒక కుర్రాడు వచ్చి పడ్డాడు.

అతను పనిమంతుడే. ప్రోగ్రామ్ చక్కగా రాస్తాడు. ఎవరికీ చూపించకుండా కథలూ రాస్తాడు. ఎప్పటికైనా నలుగురి ముందు నిలబడి మాట్లాడాలని కోరిక. అంటే కత్తెర చేసే మూడు పనులూ తనూ చెయ్యాలని ఆశ. అడ్డల్లా ఒక్కటే. ముందొక క్షమాపణ, దానికొక సంజాయిషీ లేకుండా అతని నోట మాట పెగిలేది కాదు. ఇల్లు అంటుకుందని చెప్పాలన్నా "ఇలా హఠాత్తుగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి" అనే రకం.

చేరిన మొదటి రోజే ఆమె బల్ల దగ్గరికి వెళ్లాడు.

"మేడం, మీ సమయం పాడుచేస్తున్నందుకు క్షమించాలి. ఇది అడగొచ్చో అడగకూడదో తెలియదు గానీ..."

"అడుగు."

"అంటే, అడిగే అర్హత నాకు ఉందో లేదో, చిన్న నోటికి పెద్ద మాట అవుతుందేమో..."

ఆమె తెరమీద నుంచి తల తిప్పింది. "పీఠిక అయిందా? ఇక పుస్తకం మొదలెట్టు."

పక్క బల్లవాళ్లు పకపకా నవ్వారు. ఆ పూటనుంచి అతను పీఠిక అయిపోయాడు. ఇంతా చేసి అతను అడగాలనుకున్నది మంచినీళ్లు ఎక్కడున్నాయని.

తర్వాత రోజులన్నీ గండాలే. అతను రాసిన ప్రోగ్రామ్ ఆమె ముందుకు వెళ్లిందంటే మొదట వచ్చేది ప్రశ్నే.

"ఈ భాగం ఎందుకు?"

"ఎప్పుడైనా అవసరం పడుతుందేమోనని మేడం."

"ఎప్పుడు?"

"ఎప్పుడైనా..."

"ఎప్పుడైనా అంటే ఎప్పుడూ కాదని." ఒక్క నొక్కుడు. అతని రెండు రోజుల కష్టం గాలికి పోయేది. ప్రోగ్రామ్ మాత్రం ముందుకంటే చురుగ్గా నడిచేది. అది ఇంకా మంట.

ఒకసారి ధైర్యం చేసి పది పేజీల కథ ఇచ్చాడు. మర్నాడు ఒకటిన్నర పేజీ తిరిగొచ్చింది.

"మిగతావి ఏవి మేడం?"

"ఇదీ కథ. మిగతాదంతా కథ రాసినందుకు నువ్వు చెప్పుకున్న సంజాయిషీ."

రెండు రోజులు ఆమె వైపు చూడలేదు. పంతానికి ఆ ఒకటిన్నర పేజీనే ఒక పత్రికకు పంపాడు. వాళ్లు అచ్చేశారు. "వాళ్ల దగ్గర అంతే జాగా మిగిలి ఉంటుంది పాపం" అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

అంతలో పిడుగు పడింది. ఒక పెద్ద ఆస్పత్రిలో, మంచి రద్దీ వేళ, ఇద్దరు రోగులకు ఒకే టోకెన్ వచ్చింది. తర్వాత ఇంకో ఇద్దరికి. ఒక్కో తలుపు ముందు ఒకే నంబరువాళ్లు ఇద్దరిద్దరు నిలబడి "నేనంటే నేను" అని వాదులాడుకున్నారు. మధ్యాహ్నానికి సరిచేశారు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కానీ వార్త అన్ని ఆస్పత్రులకూ పాకింది. తీగ లాగితే డొంక కదిలింది. ఆ టోకెన్ ఇచ్చే భాగం రాసింది పీఠికే.

అతనికి అన్నం సహించలేదు. వచ్చే వారమే ఆస్పత్రుల పెద్దలందరితో ఏటేటా జరిగే సభ. ఈ ప్రోగ్రామ్ ఉంచుకోవాలో మానుకోవాలో వాళ్లు తేల్చుకునేది అక్కడే. డైరెక్టరు అందరినీ పిలిచి "బాధ్యుడెవరో సభకి తెలియాలి" అన్నాడు. అంటూ పీఠిక వైపే చూశాడు.

సభకు ముందురోజు కత్తెర అతని బల్ల దగ్గర ఆగింది.

"రేపు నేను మాట్లాడటం లేదు."

"మరెవరు మేడం?"

"నువ్వు."

అతను కూర్చునే ఉన్నాడు, అయినా కుర్చీ గట్టిగా పట్టుకున్నాడు. "మేడం, తప్పుగా అనుకోకపోతే, నావంటివాడు, అదీ ఇలాంటి సమయంలో..."

"రాసుకుని రా" అని వెళ్లిపోయింది.

నిలబెట్టి దోషిని చూపించబోతున్నారని అతనికి అర్థమైంది. సరే, అంతే కదా అనుకున్నాడు. ఉన్న తప్పులు, లేని తప్పులు అన్నీ నెత్తిన వేసుకుని ఎనిమిది పేజీలు రాశాడు. మర్నాడు వేదిక వెనకున్న ఇరుకు గదిలో ఆమె చేతికిచ్చాడు. తెర అవతల హాలు నిండుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె ఎర్రపెన్ను తీసింది.

మొదటి పేజీ చెత్తబుట్టలోకి వెళ్లింది.

"మేడం, అది క్షమాపణ."

"తెలుసు."

రెండోదీ వెళ్లింది.

"అది... అదీ క్షమాపణే."

"అదీ తెలుసు."

కాగితం చింపిన ప్రతిసారీ తన ఒంటిమీది బట్ట ఒకటి లాగినట్టయింది అతనికి. అవతల మైకులో ఎవరో స్వాగతం పలుకుతున్నారు. ఇంకో రెండు పేజీలు. ఇంకో మూడు. చివరికి ఒకే ఒక్క కాగితం మిగిలింది, నలుపుకంటే ఎరుపే ఎక్కువ. దాన్ని అతని చేతిలో పెట్టి "పో" అంది. మళ్లీ చదువుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. అప్పటికే పిలుస్తున్నారు.

వేదిక మీద దీపాలు కళ్లలో గుచ్చుకున్నాయి. హాలంతా తలలే. ముందు వరుసలో డైరెక్టరు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వెనక పెద్ద తెరమీద కొత్త ప్రోగ్రామ్ పనిచేయించి చూపించడానికి జట్టులోని అమ్మాయి కంప్యూటర్ ముందు సిద్ధంగా ఉంది.

"అందరికీ నమస్కారం" అన్నాడు. కాగితంలో అది మిగిలింది కాబట్టి.

అమ్మాయి మీట నొక్కింది. తెరమీద ఒక టోకెన్ వచ్చింది. తొందరలో మళ్లీ నొక్కింది. తెర బిగుసుకుపోయింది.

కదలదు, మెదలదు. హాల్లో గుసగుస మొదలైంది. ఎవరో దగ్గారు. పీఠిక గొంతులోకి పాత మాటలన్నీ తోసుకొచ్చాయి. క్షమించాలి, ఏమీ అనుకోకండి, నా అనుభవలేమి... ఆధారం కోసం కాగితంలోకి చూశాడు. వాటిలో ఒక్కటీ లేదు. అన్నిటి మీదా ఎర్రగీత. పట్టుకోవడానికి క్షమాపణ దొరక్క, మిగిలిన వాక్యమే చదివాడు.

"పోయిన వారం ఒక ఆస్పత్రిలో ఇద్దరికి ఒకే టోకెన్ వచ్చింది."

గుసగుస ఆగింది.

తర్వాతి వాక్యం దగ్గర అతని గొంతు కూడా ఆగింది. 'ఈ పొరపాటు పూర్తిగా, కేవలం, ముమ్మాటికీ నాది, ఇందులో మరెవరి ప్రమేయమూ లేదు' అని రాసుకున్నాడు తను. ఆమె అంతా కొట్టేసి మూడు మాటలు ఉంచింది. ఆ మూడో మాటలో 'నా' కొట్టేసి పైన 'మా' అని రాసింది.

ఆమె కొట్టెయ్యడమే గానీ రాయడం అతను ఏనాడూ చూడలేదు.

పక్కకు చూశాడు. తెరచాటున కత్తెర నిలబడి, పైకప్పులో దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తోంది.

"ఈ పొరపాటు మాది" అన్నాడు.

ముందు వరుసలో ఒక పెద్దావిడ లేచింది. ఆ పొరపాటు జరిగిన ఆస్పత్రి సూపరింటెండెంటు. హాలంతా ఆవిడ వైపు తిరిగింది.

"మళ్లీ పొరపాటు జరగదని హామీ ఇవ్వగలరా?"

ఆవిడకు ఇవ్వడానికి కాగితంలో ఏమీ లేదు.

"ఇవ్వలేనండీ" అన్నాడు.

డైరెక్టరు కళ్లు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే పీఠిక చూపు బిగుసుకుపోయిన తెర అడుగున పడింది. అక్కడ చిన్న అక్షరాల్లో ఏదో ఉంది. దగ్గరికి వెళ్లి, సభకు వీపు పెట్టి మరీ చదివాడు. 'ఈ నంబరు ఇప్పటికే ఇచ్చారు.' ఆ వాక్యం రాసింది అతనే, పొరపాటు జరిగిన మర్నాడు. అతను మూడు వరుసలు రాస్తే ఆమె ఆ నాలుగు మాటలకు కుదించింది.

వెనక్కి తిరిగాడు.

"పొరపాటు జరగదని చెప్పలేను. జరగబోతే మాత్రం రెండో టోకెన్ బయటికి రాదు. ఇప్పుడు మీ ఎదురుగానే ఒకే నంబరు రెండుసార్లు అడిగారు. ఇవ్వలేదు, ఆగిపోయింది. మీరు చూస్తున్నది అదే."

హాలంతా తెర వైపు చూసింది. సూపరింటెండెంటు కళ్లజోడు సర్దుకుని అడుగున ఉన్న అక్షరాలు చదివింది. తర్వాత నవ్వింది.

"ఇన్నేళ్లలో నాకు 'ఇవ్వలేను' అన్నవాడివి నువ్వే. మేం మానుకోవట్లేదు. ఆ అక్షరాలు మాత్రం కాస్త పెద్దవి చెయ్యి నాయనా."

సభ అయ్యాక డైరెక్టరు వచ్చి పీఠిక భుజం తట్టాడు.

"దాపరికం ఎందుకు, నిన్ను పంపించేద్దామనుకున్నాం. 'అతన్ని తీసేద్దాం' అని ఆమెతో అన్నాను కూడా. ఆవిడ సంగతి తెలుసుగా, 'తీసేద్దాం' కొట్టేసి 'అతన్ని' ఉంచింది. 'అయితే ఎవరు మాట్లాడతారు?' అంటే మళ్లీ అదే మాట, 'అతను'. ఏటా ఆ వేదిక ఆమెదే. ఈసారి తన పేరు తనే కొట్టేసుకుంది."

పీఠిక ఆమె కోసం వెతికాడు. కారు దగ్గర ఉంది. "ఎక్కు, దింపుతా" అంది. ఎక్కాడు. ఏం చెప్పాలో తెలియక నోరు తెరిచేలోపు కారు కదిలింది. అప్పుడు మొదలైంది.

"నువ్వు ఆగిపోయావు చూడు, 'మా' దగ్గర, నా పై ప్రాణాలు పైనే పోయాయి, అసలు పొద్దుటినుంచే నాలో నేను లేను, మా ఆయన కాఫీ ఇస్తే తాగానో మొక్కకు పోశానో కూడా తెలియదు, 'ఏమైంది' అన్నాడు పాపం, దానికీ కసిరాను, ఆ పిల్ల రెండోసారి మీట నొక్కగానే చచ్చాం అనుకున్నా, నాకూ వెలగలేదయ్యా అది ఎందుకు ఆగిందో, నువ్వు 'ఇవ్వలేను' అనగానే కళ్లు తిరిగాయి, అయినా ముందు చెప్పాల్సింది ఇది కాదు, ఆ భాగం నేను చూసి సరే అన్నాకే కదా బయటికి వెళ్లింది, నీ ఒక్కడిదీ ఎలా అవుతుంది, నీకు చెప్పలేదు కదూ, నా మొదటి ఉపన్యాసం, ఎవరికీ చెప్పలేదులే, 'నేనెంతటిదాన్ని, నాకేం తెలుసు' అని క్షమాపణలు చెప్పుకుని చెప్పుకుని, అసలు సంగతి మొదలెట్టేసరికి జనం లేరు, లైట్లు ఆర్పుతున్నారు, నవ్వకు, నిజం, అప్పుడు ఏమైందంటే, కాదు కాదు, అంతకుముందు ఒకటి జరిగింది, అది చెబితే గానీ ఇది తెలియదు..."

పీఠిక ఒళ్లో చేతులు పెట్టుకుని వింటున్నాడు. అతని ఇంటి మలుపు వచ్చింది. వెనక్కి వెళ్లిపోయింది. చెప్పాలనిపించలేదు. ఆమె ఇంకా అసలు విషయానికి రానేలేదు.