గచ్చు మీద బర్మా

రాజమండ్రిలో మేముండే అపార్ట్‌మెంటు కింది అంతస్తులో కార్తీక్ అని ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడున్నాడు. ఆదివారం పొద్దున్న అతని గుమ్మం దాటితే చాలు, పోపుల వాసనల మధ్య నుంచి ఎనామిల్ రంగు వాసన ఒకటి సన్నగా వచ్చి ముక్కు పట్టుకుంటుంది. భూతద్దం కింద వేలెడంత సిపాయిల్ని నిలబెట్టి, నాలుగు వెంట్రుకల కుంచెతో వాళ్ళ చొక్కా బొత్తాలకి కూడా రంగు వేస్తాడు. బల్ల నిండా తేనెపట్టులాంటి గళ్ళున్న పటం, పక్కన పాచికలు, లావుపాటి రూల్సు పుస్తకం. ఎప్పుడో జరిగిపోయిన యుద్ధాన్ని స్నేహితులతో కూర్చుని మళ్ళీ మొదటినుంచీ ఆడతారట. మొన్నామధ్య నన్ను లోపలికి పిలిచి అన్నీ చూపించి, "ఈ హాబీ మన దగ్గర ఇప్పుడిప్పుడే మొదలవుతోందండి తాతగారూ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

మండదూ మరి! పెట్టెలో పెట్టి అమ్మితేనే ఆటా? అచ్చేస్తేనే రూలా? నేను బడిలో చదివింది ఐదో తరగతి వరకే; మిగతాదంతా లైబ్రరీ బెంచీ మీద, నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని నాకు నేను నేర్చుకున్నది. బర్మా యుద్ధం మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. దొరల పేర్లున్నాయి, దొరల కుక్కల పేర్లున్నాయి, మా సత్యం మావయ్య దాటొచ్చిన రేవు మాత్రం ఒక్క పటంలోనూ లేదు. ఆ రేవున్న పటం ఈ భూమ్మీద ఒకటే ఉండేది, నిడదవోలు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో, తాతయ్య బియ్యం మిల్లు వెనక, ఒకప్పుడు ధాన్యం ఆరబోసి ఇప్పుడు వాడకం తప్పిన పాత గచ్చు మీద.

ఎండాకాలం నీళ్ళాపి కాలవలు కట్టేసేవారు. మడుగుల్లో మిగిలిన చేపల కోసం ఊరు ఊరంతా కాలవలోకి దిగేది, కాకులూ కొంగలూ దిగేవి, మేమూ దిగేవాళ్ళం. పైన ఎండకి పగిలి, కింద మాత్రం వెన్నలా చల్లగా ఉండే నల్ల ఒండ్రుని బుట్టలకెత్తి మావయ్య దగ్గరికి మోసేవాళ్ళం. బర్మా నుంచి తిరిగొచ్చిన మావయ్య పెళ్ళి మాటెత్తనివ్వలేదు, యుద్ధం కబుర్లు చెప్పమంటే లేచి వెళ్ళిపోయేవాడు, కానీ ఆ మట్టి చేతికందితే చాలు, బొటనవేలంత మనుషులు పుట్టుకొచ్చేవారు. భుజానికి చీపురుపుల్ల తుపాకీ. జపాను వాళ్ళకి బొగ్గుపొడి పూసేవాడు, మనవాళ్ళు పదకొండుమందినీ మట్టిరంగులోనే ఉంచేవాడు. ఊకపోసి కొండలు కట్టేవాడు, వేపరెమ్మలు గుచ్చి అడవి చేసేవాడు, ముగ్గులో నీలిమందు కలిపి గచ్చుకి అడ్డంగా మూరెడు వెడల్పున ఏరు పోసేవాడు. ఉడికిన ధాన్యం వాసన, ఊక వాసన, పెరట్లో మాగేసిన రసాల వాసన, ఇవన్నీ కలిస్తే నాకు ఇప్పటికీ అది బర్మా వాసనే.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. జపాను పక్షం ఎప్పుడూ నాదే. పాచికలకి బదులు ఏడు గవ్వలు. వెల్లకిలా పడ్డ గవ్వకి ఒక జాన నడక. మనవాళ్ళు రేవు చేరి, ఉన్న ఒక్క పడవలో అవతలికి దాటాలి. పడవ తిరిగి రాదు. దాటేదాకా ఒకడు ఇవతలి ఒడ్డున తుపాకీ పేలుస్తూ ఉండాలి, ఆ తరవాత వాడు ఈదుకు రావాలి. ఈతకి వరసగా మూడు పందేలు, ప్రతిసారీ నాలుగు గవ్వలకి తక్కువ కాకుండా పడాలి. తప్పితే ప్రవాహం లాక్కుపోయినట్టే, బొమ్మని గచ్చు అంచుకి దొర్లించేసేవాళ్ళం.

ఆ ఆఖరివాడు ప్రతిసారీ అబ్బులే. మా పక్కూరివాడు, మావయ్యతో కలిసి పటాలంలో చేరినవాడు. మావయ్య నాయక్, ఆ కొద్దిమందికీ పెద్ద, కాబట్టి ఎవడుండాలో చెప్పింది మావయ్యే. "ఎప్పుడూ ఆడేనా? ఇంకోణ్ణి పెట్టొచ్చు కదా" అనడిగాను ఒకసారి.

"ఇంకోడు ఈదలేడురా. మిగతా వాళ్ళందరూ మెట్టసీమవాళ్ళు. ఆడు గోదారోడు, ఈదొచ్చేస్తాడు" అన్నాడు, గవ్వల్ని గుప్పిట్లో ఆడిస్తూ.

పడవ తొందరగా తెచ్చి చూశాడు, కొండ వెనక నుంచి నడిపించి చూశాడు, నన్ను ముందే విరుచుకుపడమని కూడా చూశాడు. నేనేమో గెలిచినందుకు గంతులేసేవాణ్ణి. ఆ మూడు ఎండాకాలాల్లో అబ్బులు ఒడ్డెక్కింది మూడంటే మూడుసార్లు. ఎక్కిన రోజు మావయ్య అన్నంలో రెండు మామిడిరసాలు పిండుకుని తిని, అరుగు మీద గుర్రుపెట్టి పడుకునేవాడు. తెల్లారేసరికి మళ్ళీ గచ్చు తుడిచి ఏరు గీసేవాడు.

అబ్బులు తల్లి సూరమ్మ ముంజలమ్మేది. కొడుకు ముందు వరసలో గుండు తగిలి పోయాడనీ, బాధ పడలేదనీ మావయ్య ఆమెకి చెప్పాడని ఊళ్ళో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసీ ఆ మాటా ఈ ఆటా పక్కపక్కన పెట్టి చూసుకునే బుద్ధి లేకపోయింది. మూడో ఎండాకాలం, ఒక మధ్యాహ్నం సూరమ్మ అమ్మమ్మకి ముంజలిచ్చి, మిల్లు నీడకని గచ్చు వైపు వచ్చి గంప దించింది.

"ఏం ఆటండి బాబూ ఇది? బొమ్మల పెళ్ళా?"

"పెళ్ళేంటి, యుద్ధం" అన్నాను గొప్పగా. "ఇది బర్మా. ఈళ్ళు మనోళ్ళు."

"ఆయ్! అయితే మా అబ్బులు ఏడండి ఇందులో?" అంది నవ్వుతూ.

చూపించాను. "అదుగో, ఇవతలొడ్డున ఆఖరోడు. అందరూ పడవెక్కేశాక ఆడు ఈదుకు రావాలి. గోదారోడు కదా అని మావయ్య ఎప్పుడూ ఆడినే ఉంచుతాడు."

మావయ్య చేతిలో ముగ్గు గిన్నె అలాగే ఉండిపోయింది. సూరమ్మ నెమ్మదిగా గచ్చు మీద చతికిలబడింది.

"గుండు తగిలిందన్నారు కదండి."

మావయ్య ముగ్గు గిన్నె కింద పెట్టాడు. 

"ఆడికి ఈత రాదండి బాబుగారూ" అంది సూరమ్మ. "ఆళ్ళ నాన్న గోదారి వరదలో పోయాడని ఆణ్ణి చెరువు గట్టుకి కూడా పోనిచ్చేదాన్ని కాదండి. చెప్పలేదాండి మీకు?"

"లేదు" అన్నాడు మావయ్య. "ఆఖర్న ఉండి ఈదొచ్చెయ్యరా అంటే తలూపాడు."

"మరేనండి. గోదారోడై పుట్టి, పదిమందిలో ఈత రాదని ఎలా చెప్తాడండి?"

మేము ఆడిన ఆటలన్నీ, అబ్బులు ఒడ్డెక్కిన ఆ మూడుసార్లతో సహా, ఆ ఒక్క మాటకి కొట్టుకుపోయాయి. ఎన్ని గవ్వలు పడితే ఏం లాభం? సూరమ్మ తిట్టలేదు, ఏడవలేదు. వంగి, ఆఖరివాణ్ణి రెండు వేళ్ళతో తీసి, కొంగున ముడేసుకుని, గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. మావయ్య కాలితో ఏటిని తుడిచేశాడు. నీలిమందు వారం రోజులపాటు ఆయన అరికాలికి అంటుకునే ఉంది.

మరుసటి ఏడు కాలవలు కట్టేశారు, మట్టి తెచ్చాం, మావయ్య తాకలేదు. అప్పుడొచ్చింది సూరమ్మ, ముంజల గంపలో తాటాకు చుట్టిన పొట్లం పెట్టుకుని. విప్పి చూపిస్తే అబ్బులు, ఇటుకలాగా ఎర్రగా కాలి ఉన్నాడు. "పొయ్యిలో కాల్చానండి. ఇంక నీళ్ళలో పడినా కరగడండి" అని మావయ్య చేతిలో పెట్టింది. అది క్షమించడమో కాదో ఈ వయసుకీ నేను తేల్చుకోలేకపోయాను. మావయ్య మాత్రం రెండు చేతులూ పట్టి తీసుకున్నాడు.

ఆ ఏడు కాలవలు వదిలిన రోజు నుంచీ ఊళ్ళో పిల్లలందరికీ ఎండు ఆనపబుర్రలు నడుముకి కట్టి తనే ఈత నేర్పాడు. కనపడ్డవాణ్ణల్లా "నీకు ఈత వచ్చునా? సిగ్గుపడకు, నిజం చెప్పు" అనడిగేవాడు, ఒకసారి మా పిన్ని పెళ్ళిలో కాళ్ళు కడుగుతుంటే పెళ్ళికొడుకుని అడిగేశాడు. జనం నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మధ్యాహ్నం గచ్చు మీద నోరు జారినవాణ్ణి నేనే. ఆ ఆటలో శత్రువు పక్షం నాదే కదా, ఆఖరి దెబ్బ కూడా నేనే కొట్టాను. పోయేముందు మావయ్య ఆ బొమ్మని నాకిచ్చాడు. 

ఇప్పుడా మిల్లు లేదు, గచ్చు పగలగొట్టి ప్లాట్లు వేశారు. కాలవలు ఇప్పటికీ కట్టేస్తారు, కానీ గట్లకి సిమెంటు పోసేశారు, అడుగున తేలేవి క్యారీబ్యాగులూ మందు సీసాలూ. దిగే పిల్లవాడు లేడు, దిగనిచ్చే తల్లీ లేదు. నల్ల ఒండ్రు అంటే ఏంటని అడిగితే ఎవడికి తెలుస్తుంది?

పోయిన ఆదివారం కార్తీక్ నన్ను ఆటకి కూర్చోబెట్టాడు. మన దండు వెనక్కి తగ్గుతోంది, ఏటి మీద వంతెన. "ఇక్కడ ఒకణ్ణి ఆఖరికి ఉంచితే మిగతా వాళ్ళు సేఫ్ అండి. ఎవణ్ణి ఉంచమంటారు తాతగారూ?"

"వీళ్ళలో ఈత ఎవడికొచ్చు?"

కుర్రాడు నవ్వబోయి, నా మొహం చూసి, నిజంగానే పుస్తకం తిరగేశాడు. "అది రూల్సులో లేదండి."

చొక్కాజేబులో అబ్బులు మీద చెయ్యేసుకుని, "అయితే ఎవణ్ణీ ఉంచను" అన్నాను.

"అలా అయితే ఓడిపోతామండి."

ఓడిపోయాం.