జమ్మి ఆకు బంగారం కాని దసరా

అది 1994. చంద్రపూర్‌లో పద్మాపూర్ వైపు ఒక బొగ్గుగనిలో నేను పంపు ఫోర్‌మన్‌ని. బయటి దేశాల మిషన్లకు అప్పుడప్పుడే తలుపులు తెరిచారు. మాకు పోలండ్ పంపు, దానికి కరెంటు అందించే జర్మనీ ప్యానెల్ వచ్చాయి, వెంట చెరో ఇంజనీరూ వచ్చారు. ఇద్దరూ కలిసి కమిషనింగ్ చెయ్యాలి, అంటే నడిపి చూసి సంతకాలు పెట్టాలి. అప్పటిదాకా పంపు మాది కాదు. గని లోపల వాననీళ్ళు మోకాలిదాకా వచ్చాయి. మావాళ్ళు అందులోనే దిగుతున్నారు.

మూడోరోజు క్యాంటీన్‌లో గొడవైంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పోలండాయన తండ్రిని పదహారేళ్ళకే జర్మన్లు పట్టుకుపోయి, ఫ్యాక్టరీలో మూడేళ్ళు వెట్టి చేయించారట. రెండు వేళ్ళు పోగొట్టుకుని ఇంటికి వచ్చాడు. పరిహారం అడుగుతూ రాసిన ఉత్తరాలకు జవాబే లేదు.

"నేను పుట్టకముందు సంగతి. యాభై ఏళ్ళవుతోంది, ఇంకెన్నాళ్ళు తవ్వుతారు?" అని జర్మనీ ఆయన విసుక్కున్నాడు. పోలండాయన పళ్ళెం తోసేసి లేచిపోయాడు. ఆ రోజు ట్రయల్ ఆగింది.

నాకు ఒళ్ళు మండింది. ఎక్కడి పంచాయితీకో మావాళ్ళు నీళ్ళలో నానాలా? మర్నాడు దసరా. పంపు ముందు కొబ్బరికాయ కొట్టి, జర్మనీ ఆయన చేతిలో జమ్మి ఆకు పెట్టాను. "ఇది మాకు బంగారం. ఆయనకిచ్చి అలయ్ బలయ్ తీసుకోండి, కౌగిలించుకుంటే పాత పగలు పోతాయి" అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన సంబరంగా ఆకు చాపాడు.

పోలండాయన ముఖం కందగడ్డయింది. "మా నాన్న మూడేళ్ళకు ఆకా?" అన్నాడు, నన్ను చూసి. తర్వాత స్విచ్ వెయ్యమని సైగ చేశాడు. పంపు నీళ్ళు లాగింది. సంతకం పెట్టి, "కింద ఉన్నవాళ్ళు నాకేం బాకీ లేరు" అన్నాడు. జర్మనీ ఆయనతో మాత్రం చెయ్యి కలపలేదు.

లాల్‌పేట్‌లో ఇంటికెళ్ళి, జరిగింది చెప్పి, ఆ పోలండువాడికెంత పొగరో అని నాన్న దగ్గర మండిపడ్డాను. మా మూడెకరాలు ఆ గనిలోనే పోయాయి. నాకు నౌకరీ ఇచ్చి, భూమి పైసలు రేపు మాపు అంటున్నారు.

"భూమి వొయ్యి పన్నెండేండ్లాయె. మీ మేనేజర్ సాబు ఏటా ఆకు వెట్టి అలయ్ బలయ్ అంటుండు, నువ్వు పండ్లికిలిస్తున్నవ్. గాయన ఇకిలియ్యలే. గది పొగరా?" అన్నాడు నాన్న.

సిగ్గుతో తల దించుకున్నాను. కోపం పోలేదు, నా మీదికే తిరిగింది. బాకీ తీరకుండా రాజీ కుదర్చడమంటే ఎగ్గొట్టేవాడికి సాయం పట్టడమేనని, పాతికేళ్ళ నౌకరీలో నాకు నేర్పింది ఆ ఒక్క దసరాయే.

మరుసటి దసరాకు మేనేజర్ సాబు నవ్వుతూ జమ్మి ఆకు చాపాడు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"భూమి సంగతి తేల్చండి సార్. అలయ్ బలయ్ ఆ తర్వాత."