పూజకు ముందు తెంపిన టేకాకు

మా చిన్నమ్మాయిని ఇంటికి తెచ్చుకుందామని ఉట్నూరు దాటి అడవిలోకి పోయాను. పోయి, నేనే అక్కడ వారం రోజులుండి వచ్చాను.

అమ్మాయి అక్కడ గోండుల గూడెంలో పంతులమ్మ. తుర్కయంజాల్ బడిలో పనిచేసే ఒకామె భర్తది ఉట్నూరులో ఉద్యోగం. ఆమె అక్కడికి, మా పిల్ల ఇక్కడికి మారితే ఇద్దరికీ మేలు. ఆమె సంతకం చేసిన బదిలీ కాగితాన్ని దిల్‌సుఖ్‌నగర్‌లో మా చీరల కొట్టుకే తెచ్చి ఇచ్చి, రెండు జాకెట్ గుడ్డలు కూడా కొనుక్కుపోయింది. మా పిల్ల శుక్రవారంలోగా తన సంతకం పెడితే చాలు. ఫోన్‌లో అడిగితే "చూస్తలే అమ్మా" అంటుంది. అది చూసే రకం కాదు. అందుకే కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, ఆదివారం పొద్దున్నే ఎల్బీనగర్‌లో నేనూ మా ఆయనా కిరాయి కారెక్కాం.

నిర్మల్ దాటాక దారికి రెండు పక్కలా టేకు. నేను అప్పటిదాకా చూసిన టేకంతా తలుపులూ మంచాలే. చెట్టుగా చూడటం అదే మొదలు. తొలి వానలకు చిగురించిన లేతాకులు అప్పుడే అరచేతి కంటే పెద్దవయ్యాయి. కారాపించి దిగి ఒకటి నలిపితే వేళ్లకు ఎర్రటి రంగు అంటింది. పోచంపల్లి పక్క నూలుకు రంగులద్దే ఇంట పుట్టినదాన్ని, అది చూశాక చెయ్యి ఆగలేదు.

"ఎందుకే గవి?" అన్నాడు మా ఆయన.

"రంగు చూడుండ్రి."

ఆయన చూశాడు. "పట్టుకు పడుతదో, నూలుకు పడుతదో," అని తనూ దిగి పది ఆకులు తెంపాడు. పెద్ద కట్టే అయింది.

గూడెంలో అమ్మాయి ఉండే ఇంటి ముసలమ్మ, అక్కడి మర్యాద ప్రకారం కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు తెచ్చింది. నా చేతిలో కట్ట చూసి చెంబు కింద పెట్టేసింది. అరుగు మీద కూర్చున్న ఊరి పటేల్ లేచి నిలబడ్డాడు. మా పిల్ల ఉరికొచ్చింది.

"అమ్మా, గవి యాడ తెంపినవ్?"

"తొవ్వల. అడివిల ఆకులకు లెక్కుంటదా?"

"ఉంటది. కొత్తాకు పూజ కాలే ఇంకా. పూజ కాకముందుగాల ఈడ ఒక్క టేకాకు గూడ ముట్టరు."

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇంట్లో కొత్త పడుగు మగ్గమెక్కితే పసుపు కుంకుమ పెట్టేదాకా ఎవరం చెయ్యి వేయం. మా ఆడబిడ్డ ఒకసారి మరిచిపోయి వేస్తే, మా అత్త దీపావళి దాకా దెప్పింది.

పటేల్ గోండీలో ఏదో అన్నాడు. మా పిల్ల గోండీలోనే బదులిచ్చింది. పటేల్ మాటలు చిన్నవి, మా పిల్లవి పెద్దవి. మధ్యలో ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతా అయ్యాక మా పిల్ల నా వైపు తిరిగింది.

"తెంపినోళ్లు పూజ దాక ఆకులకు కావలుండాల్నంట. శనివారం నీ చేతులతోనే దేవుని కాడ పెట్టాలె."

"మీ నాయన గూడ తెంపిండు."

"ఒక్కరుంటే సాలంట."

మా ఆయన అప్పటికే కారులో కూర్చున్నాడు.

పొద్దూ మాపూ ఆకుల మీద నీళ్లు చల్లాను. ముసలమ్మ వండిన జొన్న గట్క తిన్నాను. పగలు బడికి పోయి పిల్లలకు నాకొచ్చిన కథలు చెబితే, మా పిల్ల వాటిని గోండీలో చెప్పేది. నేను చెప్పినచోట నవ్వనివాళ్లు అది చెప్పినచోట నవ్వేవాళ్లు. సోమవారం కాగితం తీశాను. "గా ఆకుల సంగతి కానియ్యి ముందు," అంది. శుక్రవారం పొద్దున కాగితం, మీద పెన్ను, దాని ముందు పెట్టాను.

"ఆకులకు నీళ్లు జల్లినవా?" అంది.

చల్లి వచ్చేసరికి అది బడికి పోయింది. పెన్ను కూడా పట్టుకుపోయింది.

శనివారం పూజలో నా వాడిపోయిన కట్టను దేవుని దగ్గర పెట్టి దండం పెట్టాను. ఆ తర్వాత అందరూ కొత్తాకులు తెంపి వాటిలోనే బువ్వ పెట్టుకున్నారు. ముసలమ్మ నా పక్కన కూర్చుంది.

"మా కోడలు గూడ ఒకపారి తెంపింది," అంది.

"ఎన్ని దినాలు కావలుంది?"

"కావలేంది? ఆ దినమే దేవుని కాడ పెట్టి దండం వెట్టింది. అయిపాయె."

మా పిల్ల వైపు చూశాను. అది పప్పు గిన్నె పట్టుకుని వంగి ఉంది.

"ఇంకొంచెం ఎయ్యాల్నా, అమ్మా?"

"ఎయ్యి," అన్నాను.

మర్నాడు బస్సులో వచ్చాను. మా ఆయన తలుపు తీసి, నా సంచి అందుకున్నాడు.

"సంతకం వెట్టిందా?"

"పెట్టలే."

ఆయన సంచి తెరిచాడు. సంతకం లేని కాగితం కింద, తడిగుడ్డలో చుట్టి తెచ్చిన టేకాకులున్నాయి. చెయ్యి పెట్టబోయి ఆగాడు.

"పూజైనంక తెంపినవే గదా?" అన్నాడు.